మునుపటిలా అంటే ఎప్పటిలా

నిఘంటువు ఆఫీసు,
మెట్ల పక్క గది.

కోడలికి,

ఈ పిలుపు చూసి నీ కనుబొమలు పైకి లేస్తాయని తెలుసు. కోర్టువాళ్ళు విడగొట్టింది నిన్నూ మా అబ్బాయినీ. ఆ కాగితం నేను మొదలంటా చదివాను, అందులో అత్తగారి ప్రస్తావన ఎక్కడా లేదు. కాబట్టి నా హోదా నాకుంది. ఫోన్ చేద్దామంటే హాల్లో ఫోను పక్కనే వాడు కూర్చుని ఉంటాడు, నేను 'ఆఁ', 'ఊఁ' తప్ప మాట్లాడలేను. అందుకే ఆఫీసు కాగితం మీద రాస్తున్నాను. పని గురించే కనుక ఇది దొంగతనం కిందికి రాదు.

పని ఏమిటంటే, మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆర్ అక్షరం దాకా వచ్చింది. నా వంతుకు పడ్డ మాట 'రీస్టోర్'. చూడ్డానికి బుద్ధిమంతురాలిలా ఉంది గానీ కొన్నాళ్ళుగా నన్ను కాల్చుకు తింటోంది. పుట్టిల్లు లాటిన్. అక్కణ్ణించి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి కాపురానికి వచ్చింది. మూలంలో ఉన్నది నిలబడడం, గట్టిగా నిలబెట్టడం అనే అర్థం. సరుకు దాచుకునే 'స్టోర్' దీనికి దగ్గర చుట్టం. 'రెస్టారెంట్' ఫ్రెంచి వైపు చుట్టం. మొదట్లో ఆ మాటకి అర్థం భోజనశాల కాదట, నీరసించినవాళ్ళకి తాగించే, మాంసం మరిగించిన నీళ్ళట. తాగితే మనిషి లేచి కూర్చునేవాడన్నమాట. 'ప్రాణం లేచొచ్చింది' అంటామే మనం, సరిగ్గా అదే.

ఇంతవరకు బాగానే ఉంది. తెలుగులో ఏం రాయాలి? నా బల్ల మీదున్న పాత నిఘంటువులన్నీ 'పునరుద్ధరించు' అని రాసి చేతులు దులుపుకున్నాయి. నీ షెడ్డుకి వచ్చి ఎవరైనా 'అమ్మా, మా బీరువా పునరుద్ధరించండి' అన్నారా ఎప్పుడైనా? పాత సామాను బాగుచేసి బతికేదానివి నువ్వు. నీ దగ్గరికొచ్చేవాళ్ళు ఏమంటారో రాయి.

ఇంకోటి. నా కుర్చీ లారీలో పంపిస్తున్నాను. ఆఫీసులో చేరిన నాటినుంచీ దాంట్లోనే కూర్చున్నాను. పేము అల్లిక కుంగిపోయి, బల్ల నా గడ్డానికి వస్తోంది. చెయ్యి ఒకటి ఊడింది. మునుపటిలా చేసి పంపు.

నిన్ను వదులుకోవడం నావల్ల కాదమ్మాయ్. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత మనసులో పెట్టుకుని రాశానని అనకుండా.

అత్తయ్య


షెడ్డు,
పెయింటు డబ్బాల వెనక స్టూలు మీద.

అత్తయ్యా,

కుర్చీ చేరింది. లారీవాళ్ళు ఒక కాలు కూడా వదులు చేసి తెచ్చారు, వాళ్ళ ఖర్మ కాదు, నా ఖర్మ.

మీ మాట గురించి. నా దగ్గరికి వచ్చి ఎవరూ పునరుద్ధరించమనరు. 'బాగుచెయ్యండి' అంటారు. 'కొత్తదానిలా చెయ్యండి' అంటారు. వీళ్ళతో పేచీ లేదు, రంగు కొట్టి పంపేస్తాను. 'మునుపటిలా చెయ్యండి' అనేవాళ్ళతోనే నాకు చావు. మునుపటిలా అంటే ఎప్పటిలా అని అడుగుతాను. అడిగేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకాయన 'మా నాన్న ఉన్నప్పటిలా' అన్నాడు. వాళ్ళావిడ 'మీ నాన్న ఉన్నప్పుడు ఈ మంచానికి అడుగుచెక్కే లేదు, తాడు కట్టుకుని పడుకున్నాం' అంది. ఇక్కడే నిలబడి పోట్లాడుకున్నారు. మంచం వదిలేసి వెళ్ళారు.

అందుకని ఎవరి మాటా నమ్మను. కనబడని చోట, సీటు అడుగునో తలుపు వెనకో, అగ్గిపెట్టెంత మేర పాలిష్ తీసి చూస్తాను. దాన్ని మేం కిటికీ అంటాం. మీ కుర్చీకి కిటికీ తెరిచాను. పైన నల్ల పాలిష్. దాని కింద ఆకుపచ్చ రంగు, ఏ ఆస్పత్రిలోనో వేసి ఉంటారు. దాని కింద ఎర్రటి కర్ర, చాలా అందంగా ఉంది. పేము కూడా మొదటిది కాదు. చట్రం చుట్టూ పాత మేకుల బొక్కలున్నాయి, అంటే ఒకప్పుడు చెక్క సీటు. మీరు కూర్చోకముందే అది రకరకాలుగా బతికింది. వీటిలో మీకు ఏది కావాలి?

ఇంకో సంగతి తోచింది. కరెంటు పోయి వస్తే ఇంగ్లీషు పేపరువాడు రీస్టోర్ చేశారని రాస్తాడు. మనం 'కరెంటొచ్చింది' అంటాం. ఎవరో స్తంభం ఎక్కి తెచ్చారని అనం, దానంతటదే ఇంటికొచ్చినట్టు చెప్పుకుంటాం. మీకు పనికొస్తుందేమో చూడండి.

మీరు ముందే చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. మిమ్మల్ని వదులుకోవాలని నాకూ లేదు. కానీ మీ అబ్బాయి గురించి రాయకండి. అక్క ఆస్పత్రిలో ఉందని నేను వెళ్ళి వచ్చేసరికి ఆ ఇంటి ఆవరణలో ఉన్న నా షెడ్డు ఖాళీ చేయించి, మా తాత ఉలులతో సహా పాత ఇనుముకి వేసేసి, కారు పెట్టుకోవడానికి చోటు చేసిన మనిషి. 'కొత్తవి కొనిపెడతాను, దీనికింత రాద్ధాంతమా' అన్న మనిషి. చెడ్డవాడు కాదు. ఏం పోయిందో ఆయనకి ఈ రోజుకీ తెలీదు, అంతే. ఆ ఇంటికి నేను రాను.

మీరిచ్చిన హోదాతో,
కోడలు


నిఘంటువు ఆఫీసు,
అరువు కుర్చీలో.

కోడలు పిల్లకి,

కరెంటు సంగతి మా ప్రధాన సంపాదకుడికి చూపించాను. మేమంతా ఆయన్ని పెద్దాయన అంటాం, ఎదురుగా కాదు. కళ్ళజోడు నెత్తిమీదికి తోసి రెండోసారి చదివి, 'ఈ అమ్మాయి మన ఆఫీసులో ఎందుకు లేదు' అన్నాడు. 'కోడళ్ళు ఆఫీసుకి రారు, ఇంటికొస్తారు' అన్నాను. 'మరి ఇంటికొచ్చిందా' అన్నాడు. కాగితాలు పోగుచేసుకుని నా గదికొచ్చేశాను.

పాత పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తల్లోనే దానికి 'తిరిగి ఇచ్చెయ్యడం' అనే అర్థం ఉంది. ఒకరిది తీసుకుంటే వాళ్ళకి అప్పజెప్పడం. పడిపోయినదాన్ని మళ్ళీ కట్టడం కూడా ఆ పక్కనే ఉంది. రాజుని గద్దె మీదికి, చూపుని కంటికి, శాంతిని ఊరికి తేవడం అలా అలా చేరాయి. బొమ్మలకీ కుర్చీలకీ వాడడం చాలాకాలం తరవాతి సంగతి. నీ వృత్తి ఈ మాటకి కడసారపు బిడ్డ.

ప్రతి అర్థానికీ ఒక వాడుక వాక్యం రాయాలి కదా. మొదటిదానికి 'పోయిన గొలుసు సొంతదారుకి చేర్చారు' అని రాశాను. బాగుందన్నాడు పెద్దాయన. రెండోదానికి 'విడిపోయిన దంపతుల మధ్య సఖ్యత మళ్ళీ నెలకొంది' అని రాశాను. ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టాడు. మూడోదానికి 'అలిగి వెళ్ళిన కోడలు తిరిగి రావడంతో ఆ ఇంట్లో సందడి మళ్ళీ మొదలైంది' అని రాశాను. మొత్తం కొట్టేసి, అంచున 'ఇవి ఉదాహరణలు కావమ్మా, అర్జీలు' అని రాశాడు. నలుగురి ముందూ పరువు పోయింది.

వాడి గురించి రాయొద్దన్నావు, రాయను. మా ఇంట్లో ఒక పిల్లి ఉంది, దాని గురించి రాస్తాను. ఈ పిల్లి ఈ మధ్య వంట నేర్చుకుంటోంది. కూర మాడ్చి, కిటికీలు తెరిచి, నేను ఆఫీసునుంచి రాకముందే పొగ బయటికి పోవాలని తువ్వాలు ఊపుతూ నిలబడుతోంది. కారు వీధిలో పెడుతోంది. నీ పాత షెడ్డు తాళం తీసి లోపల ఖాళీగా నిలబడి మళ్ళీ తాళం వేస్తోంది. పిల్లుల సంగతి మనకెందుకులే.

కుర్చీ నేను చేరిన రోజు ఎలా ఉందో అలా చెయ్యి. నల్ల పాలిష్, బిగుతైన పేము. ఆ రోజు కూర్చుంటే నా కాళ్ళు నేలకి ఆనలేదు, ఎవరైనా చూస్తారేమోనని పుస్తకాల కట్ట కింద పెట్టుకున్నాను. తయారయ్యాక చెప్పు, మనిషిని పంపుతాను.

అత్తయ్య


షెడ్డు,
గుమ్మం బయట. లోపల పాలిష్ వాసనకి కళ్ళు మండుతున్నాయి.

అత్తయ్యా,

మీ పిల్లితో చెప్పండి, మాడిన గిన్నె వెంటనే నానబెట్టాలి, మర్నాటికి వదిలేస్తే ఎవరూ గీకలేరు.

ఈ వారం నేనో ఘనకార్యం చేశాను. ఇక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్ళు బట్టలు కుట్టే షాపు నడుపుతారు. గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల తెచ్చారు. 'మునుపటిలా చేసిపెట్టు' అంది పెద్దావిడ. బల్ల చూస్తే తేలిక పనిలా ఉంది. ఎప్పటిలా అని అడగలేదు. అందరినీ అడిగేదాన్ని, వాళ్ళని అడగలేదు. అంచు పొడుగునా గాట్లు ఉన్నాయి. కత్తెర తగిలిన దెబ్బలనుకున్నాను. అన్నిటికీ లప్పం పెట్టి పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, అద్దంలా చేసిచ్చాను. పెద్దావిడ అంచు మీద చెయ్యి పెట్టి ఇటునుంచి అటు నడిచింది, అటునుంచి ఇటు నడిచింది, కింద కూలబడింది. అవి దెబ్బలు కావు. వాళ్ళమ్మ పెట్టిన కొలతలు. ఇది చెయ్యి, ఇది భుజం, ఇది పిల్లల గౌను. టేపు పట్టకుండా గుడ్డని ఆ గాట్లకి ఆనించి కత్తిరించేవాళ్ళట.

లప్పం తీసేస్తానన్నాను. తీసినా పాత గాటు పాతచోట రాదు. వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, చొక్కా చంకలో పట్టేస్తుంది. పెద్దావిడ నన్ను తిట్టిన తిట్లు మీ నిఘంటువులో ఉండవు. ఉండాలంటే చెప్పండి, రాసి పంపుతాను. చిన్నావిడ మాత్రం, 'ఊరుకోవే అక్కా, అమ్మ కొలతలు ఇప్పుడెవరికి సరిపోతున్నాయి, అందరికీ పొట్టలొచ్చాయి. నువ్వూ గాటు దాటి రెండేసి వేళ్ళు వదులుతూనే ఉన్నావుగా' అంది. పెద్దావిడ నా ఉలి అడిగింది. ఇద్దరూ కూర్చుని ఇప్పటి కొలతలతో గాట్లు పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ, 'అమ్మది పోయింది, అది నీ తప్పే. ఇది మాది' అంది. నాకు ఏడుపొచ్చింది, మనుషులున్నారని ఆపుకున్నాను.

మీ మాట పక్కన ఒక హెచ్చరిక రాయించండి. ముందు అడిగి, ఆ తరవాతే చేయవలెను అని.

మీ కుర్చీ వచ్చే వారానికి అవుతుంది. పేము అల్లుతున్నాను. అల్లుతుంటే సాయంత్రాలు మనిద్దరం వంటింట్లో కూర్చుని, ఒకరి మాట చివరి అక్షరంతో ఇంకొకరు మాట అందుకునే ఆట గుర్తొస్తోంది. ఇక్కడ ఎవరితో ఆడినా మూడో మాటకి లేచిపోతున్నారు. ఒక్కోసారి ఆ ఇల్లు గుర్తొచ్చి గుబులేస్తుంది.

కోడలు


నిఘంటువు ఆఫీసు.

కోడలికి,

నీ ఉత్తరం మడతలు చిరిగేదాకా చదివాను, ముఖ్యంగా చివరి వాక్యం. కుర్చీ కోసం గురువారం మనిషిని పంపుతున్నాను. ఎదురుగా ఉండు. ఎక్కువ రాయను. ఎక్కువ రాస్తే ఏదో ఒకటి రాసేస్తాను.

అత్తయ్య


షెడ్డు.

నిఘంటువు ఆఫీసు సహాయ సంపాదకురాలు గారికి,

మీరు పంపిన మనిషి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. చేతిలో పనిముట్ల పెట్టె. ఉలులు, చిత్రిక, సుత్తి, అన్నీ కొత్తవి, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. నా బల్ల మీద పెట్టి, 'నీకు ఇల్లు గుర్తొస్తోందని రాశావట, అమ్మ చెప్పింది. బండి బయట ఉంది' అన్నారు.

నేను ఏమన్నానో మీకు అక్కర్లేదు. ఆయన ఏం చేశారో చెబుతాను. కాసేపు మీ కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డారు. 'అయితే అమ్మ నిన్ను అడగలేదా' అన్నారు. లేదన్నాను. మొహం ఎర్రబడింది. 'నన్ను క్షమించు, నువ్వే రమ్మన్నావనుకున్నాను' అన్నారు. పెట్టె తీసుకుని వెళ్ళిపోయారు. కుర్చీ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను క్షమించమనడం అదే మొదటిసారి. అది కూడా మీ తప్పుకి ఖర్చయిపోయింది.

నేను రాసిన ఆ వాక్యం మీకోసం రాసింది. నమ్మి రాసింది. దాన్ని మీరు ఆయన చేతికిచ్చారు. ఆయన నన్ను అడక్కుండా నా ఉలులు అమ్మేశారు, మీరు నన్ను అడక్కుండా నా మాట ఇచ్చేశారు. ఇద్దరూ నా మంచి కోరే చేశారు.

కుర్చీ లారీలో వేయిస్తాను. ఇకమీదట మీ నిఘంటువు పనికి వేరే ఎవరినైనా చూసుకోగలరు.

ఇట్లు,
షెడ్డు యజమాని


నిఘంటువు ఆఫీసు.

పైన ఏమని పిలవాలో తెలియక ఖాళీ వదిలాను. ఇన్నేళ్ళు మాటలతో కాపురం చేసినదాన్ని, ఒక్క పిలుపు దొరకలేదు.

నువ్వు రాసినదాంట్లో కొట్టెయ్యడానికి ఒక్క అక్షరం లేదు. మనిషిని పంపుతానన్నాను, ఎవరో చెప్పలేదు. అబద్ధమేమీ ఆడలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మాటల పనిలో ఉన్నవాళ్ళకి ఇలాంటి సర్దుబాట్లు బాగా వచ్చు.

వాడు ఇంటికొచ్చి, పెట్టె గుమ్మంలోనే పెట్టి, చెప్పులు విప్పకుండానే నాతో ఒక మాట అన్నాడు. వాడి గురించి రాయొద్దన్నావు, కానీ ఇది నా గురించి. 'అమ్మా, నువ్వు తనని నాకోసం రమ్మనడం లేదు, నీకోసం రమ్మంటున్నావు. సాయంత్రాలు నీకు తోచడం లేదు. ఆ మాట నువ్వే చెప్పుకోవచ్చుగా, మధ్యలో నన్నెందుకు పంపుతావు' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గదిలోకెళ్ళి తలుపేసుకున్నాను. వేసుకున్నాక నిజమేననిపించింది.

మునుపటిలా, మునుపటిలా అని నేను పాట పాడింది మీ కాపురం గురించి కాదమ్మా. ఆ కాపురంలో నువ్వు ఎంత ముడుచుకుని తిరిగేదానివో నా కళ్ళతో చూశాను. నాకు కావలసింది వంటింట్లో నువ్వూ నేనూ. దానికోసం నిన్ను మళ్ళీ అందులోకి తొయ్యడానికి సిద్ధపడ్డాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

'రీస్టోర్' ముగించాను. తిరిగి ఇచ్చు, మళ్ళీ నిలబెట్టు, మునుపటి స్థితికి తెచ్చు, చిట్టచివర పునరుద్ధరించు. 'మునుపటి స్థితి' పక్కన పెద్దాయనతో పోట్లాడి ఒక ముక్క చేర్పించాను, ఏ స్థితి అన్నది సందర్భాన్ని బట్టి అని. నీ పేరు ఉండదు గానీ అది నీ ముక్కే. ఉదాహరణలు పెద్దాయనే రాశాడు. వంతెన ఉంది, రాజు ఉన్నాడు. కరెంటుకి 'కరెంటొచ్చింది' అనే రాశాడు.

కుర్చీ పంపకు. అందులో కూర్చునే మొహం లేదు నాకు. అమ్మేసుకో. జవాబు రాయమని అడగను.


షెడ్డు.
వానలు వెనకబట్టాయి, కర్ర ఆరుతోంది.

అత్తయ్యా,

అన్నిటికంటే ముందు ఇది. నేను తిరిగి రాను. మిగతాది చదువుతూ మీరు ఆశపడకుండా మొదటే రాస్తున్నాను.

ఇన్ని నెలలూ మీమీద కోపంతో బాగానే గడిపాను. దానికీ ఓపిక ఉండాలి. పని చేసుకుంటూ మిమ్మల్ని మనసులో తిట్టుకునేదాన్ని, తిట్టు బాగా కుదిరితే ఇది మీకు చెప్పాలి అనిపించేది. అక్కడ చిక్కొచ్చి పడేది. ఉత్తరం మొదలుపెట్టాక పిలుపు కోసం నేనూ వెతికాను. 'అమ్మా' అందామంటే నాకు అమ్మ ఉంది, ఆవిడ ఊరుకోదు. 'మేడమ్' అని రాసి చదువుకుంటే నవ్వొచ్చింది. వాడి పెళ్ళానివి కానప్పుడు ఆవిడ నీకేమవుతుందే అని అక్క అడిగింది. తెలీదన్నాను. తెలీకపోయినా పిలవచ్చు కదా.

కుర్చీ అమ్మలేదు. ఒకాయన అడిగాడు, అది ఒకరిదన్నాను. ఎవరూ కూర్చోని పేము ఎండి పెళుసవుతుంది, అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడుస్తున్నాను.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. షెడ్డు వెనక గది ఒకటి ఖాళీగా ఉంది. మంచం చేశాను, కిటికీ పక్కన బల్ల వేశాను. సెలవు పెట్టి రండి. జెడ్ దాకా వెళ్ళేసరికి మీ ఆఫీసులో ఎవరుంటారో ఎవరు పోతారో, కొన్నాళ్ళు ఆగితే కొంపలు మునగవు. ఎన్నాళ్ళని నేను అడగను. నాకూ సాయంత్రాలు తోచడం లేదు. మీమీద జాలితో పిలవడం లేదు, నాకోసమే పిలుస్తున్నాను. నియమం ఒక్కటే. నా గుమ్మం లోపల ఆయన సంగతి ఎత్తకూడదు, పిల్లి సంగతి కూడా.

కోడలు


బస్సులో,
కిటికీ పక్క సీటు. రాత వంకరగా ఉంటే ఆ తప్పు రోడ్డుది.

కోడలికి,

ఈ ఉత్తరం నాకంటే వెనక చేరుతుంది. బస్సు ఆగినచోట పోస్టు డబ్బా కనబడితే వేస్తాను. నీ నియమానికి ఒప్పుకున్నాను. గుమ్మం దాటాక ఎత్తను. గుమ్మం ఇంకా దూరంగా ఉంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నీ మొదటి వాక్యం చదివి కాసేపు ఏడ్చాను. వద్దనుకున్నంత మాత్రాన ఆశ పోదు కదా, నాలో ఎక్కడో ఉండే ఉంది. తరవాత మిగతాది చదివి, లేచి సంచి సర్దుకున్నాను. వాడు 'ఎక్కడికి' అన్నాడు. 'మా కోడలి దగ్గరికి' అన్నాను. 'తను పిలిచిందా, నువ్వే వెళ్తున్నావా' అన్నాడు. పిలిచిందన్నాను. 'నిజంగా?' అన్నాడు. నిజంగానే అన్నాను. నీ ఉత్తరం వాడికి చూపించలేదు. అప్పుడు లేచి సంచి అందుకున్నాడు.

బస్టాండు దాకా మోశాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, దిగి, కిటికీ బయట నిలబడ్డాడు. 'ఎన్నాళ్ళుంటావు' అన్నాడు. తెలీదన్నాను. 'సరే, ఉండు' అన్నాడు. డ్రైవరు ఎంతకీ రాలేదు. వెళ్ళరా అంటే వెళ్ళలేదు. బస్సు కదిలాక కొంతదూరం పక్కనే నడిచాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. ఏమిటని నేను అడగలేదు. అడిగితే నీకు చెప్పమనేవాడు, చెప్పనని ఒప్పుకుని కదా బయల్దేరాను. కన్నకొడుకుని నోటిదాకా వచ్చిన మాట మింగించి వచ్చాను.

వాడి గురించి నేను నీకు రాయడం ఇదే ఆఖరు. ఇది పోస్టులో వచ్చేసరికి నేను నీ షెడ్డులోనే ఎక్కడో కూర్చుని ఉంటాను. నా ఎదురుగా చదవకు. పక్కకి వెళ్ళి చదువుకుని, మొహం కడుక్కుని రా.

అత్తయ్య